చేనుకు ఏ ఛార్జింగ్ టార్చి మేలు: లెడ్ యాసిడ్‌దా, 18650దా, 21700దా?

రాత్రిపూట మోటారు వేయడానికో, మడులకు నీళ్లు మళ్లించడానికో వెళ్లేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఊళ్లో దొరికే పెద్ద లెడ్ యాసిడ్ లైటు కొనాలా, ఆన్‌లైన్‌లో కనిపించే గుప్పెడంత లిథియం టార్చి కొనాలా? లిథియం అయితే ఏ సెల్, 18 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవుండే 18650దా, 21 మి.మీ. మందం, 70 మి.మీ. పొడవుండే 21700దా? చాలామంది డబ్బా మీద లూమెన్లు (వెలుగు కొలత) చూసి తేల్చేస్తారు. వెలిగించిన అరగంటకు ఎంత వెలుగు మిగిలిందో చూడాలన్నది నా పట్టు.

ఎందుకో లెక్క చూడండి. మంచి 21700 సెల్ 5000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్లు), అంటే 5 ఏహెచ్. దాన్ని 3.6 వోల్టులతో గుణిస్తే 18 వాట్‌అవర్ల శక్తి. మంచి టార్చి ఒక వాట్‌కు సుమారు 100 లూమెన్లు ఇస్తుంది. అంటే 3000 లూమెన్లకు 30 వాట్లు కావాలి. కాగితం మీదే 36 నిమిషాల్లో సెల్ ఖాళీ. నిజానికి అంతసేపు కూడా ఆ వెలుగు నిలవదు. ఆ కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది, చిన్న అల్యూమినియం గొట్టం దాన్ని బయటికి వదల్లేదు. అందుకే ఒకటి రెండు నిమిషాల్లో ఎల్‌ఈడీకి కరెంటు పంపే డ్రైవర్ సర్క్యూట్ తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది. అలాంటప్పుడు డబ్బా మీద గంటల లెక్క ఎలా వచ్చింది? ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే టార్చీల కొలత ప్రమాణం ప్రకారం వెలుగు మొదటిదానిలో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమంతా రన్‌టైమే. 3000 లూమెన్ల టార్చి 300కి దిగాక కూడా ఆ గడియారం ఆగదు.

కాబట్టి టర్బో (గరిష్ఠ వెలుగు) అంకె వదిలేసి, 400–500 లూమెన్ల మోడ్‌లో ఎంతసేపు ఒకే తీరున వెలుగుతుందో చూడండి. చేను పనికి అది చాలు. ఆ మోడ్‌లో 21700 టార్చి మూడు గంటల పైన నిలుస్తుంది. మంచి 3500 ఎంఏహెచ్ 18650 సెల్ అయితే రెండున్నర గంటలు. తేడా చిన్నదే, కానీ 21700 గొట్టం కాస్త లావు కాబట్టి వేడిని కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. జేబులో పెట్టుకు తిరగాలంటే, ఇంట్లో ఇప్పటికే 18650 సెల్స్ ఉంటే, 18650 టార్చి తీసుకోవడంలో నష్టమేమీ లేదు.

లెడ్ యాసిడ్ లైటును తీసిపారేయలేం. చవక, ఊళ్లోనే బాగుచేస్తారు, బ్యాటరీ అయిపోయే ముందు మెల్లగా మసకబారుతూ హెచ్చరిస్తుంది. లిథియం టార్చి కొన్నిసార్లు ఠక్కున ఆరిపోతుంది. అయితే 4 వోల్టుల, 1.5 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 6 వాట్‌అవర్లే. అంతకంటే పెద్ద చిక్కు, వాడి పక్కన పడేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి రెండు మూడు నెలల్లోనే బ్యాటరీ చచ్చిపోతుంది. వాడిన రోజే ఛార్జింగ్ పెట్టాలి, వాడకపోయినా నెలకోసారి పెట్టాలి. చవక మోడళ్లలో నిండాక ఛార్జింగ్ ఆపే కటాఫ్ ఉండదు, రోజుల తరబడి ప్లగ్గులో వదిలితే లోపలి ఆమ్లం ఎండిపోతుంది. ప్లగ్గులో ఉండగా తడి చేత్తో అసలు ముట్టుకోవద్దు.

ఇక వెలుగు పడే తీరు. డబ్బా మీది దూరం అంటే అక్కడ 0.25 లక్స్ పడుతుందని అర్థం, అది ఇంచుమించు పున్నమి వెన్నెల. మనిషినో పందినో పోల్చుకోవాలంటే ఆ దూరంలో సగం కూడా ఎక్కువే. గట్టు మీద నడిచేవాడికి కాళ్ల ముందు పరుచుకునే వెలుగు ముఖ్యం. సన్నటి కిరణం వంద గజాల అవతలి చెట్టును చూపించి, అడుగు పక్కనున్న రక్తపింజరను వదిలేస్తుంది. నీలిఛాయ తెలుపు కన్నా 4000–5000 కెల్విన్, అంటే నీలం తగ్గిన తెలుపు వెలుగులో ఎండుటాకు రంగూ పాము రంగూ మెరుగ్గా విడిపడతాయి. జూమ్ టార్చీలు వద్దు, జారే తల సందుల్లోంచి నీళ్లు చేరతాయి.

సెల్ విప్పి మార్చుకోగలిగేదే కొనండి. 18650లో 9900 ఎంఏహెచ్ అని రాసుంటే అది అబద్ధం, ఆ సైజులో 3600 దాటడమే అరుదు. తూకం వేయండి: అసలు సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, నకిలీవి చాలావరకు తేలిగ్గా ఉంటాయి. ప్రొటెక్షన్ (షార్ట్, అతి ఛార్జింగ్ నుంచి కాపాడే చిన్న సర్క్యూట్) ఉన్న సెల్ రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు, అది మీ టార్చిలో పడుతుందో లేదో ముందే చూసుకోండి. టైప్-సి పోర్టు ఉన్నా ఫోన్ తాలూకు సి-టు-సి కేబుల్‌తో ఛార్జ్ కాకపోతే టార్చి పాడైందనుకోవద్దు. చవక వాటిలో అందుకు కావాల్సిన రెసిస్టర్లు పెట్టరు, మామూలు యూఎస్‌బీ-ఎ కేబుల్‌తో పెట్టి చూడండి.

తలకు కట్టుకునే లైటు రెండు చేతులా పని ఉన్నవాళ్లకు మంచిదే, దూరం మాత్రం చూపదు. డ్రై సెల్ టార్చి ఇంట్లో అత్యవసరానికి చాలు.

చేనుకైతే నా ఓటు 21700కే. వాడనప్పుడు వెనక మూత పావు చుట్టు వదులు చేస్తే స్విచ్ సర్క్యూట్ సెల్‌ను కొద్దికొద్దిగా తాగకుండా ఆగుతుంది. అదనపు సెల్‌ను తాళాలూ చిల్లరా ఉన్న జేబులో వేయకండి, షార్ట్ అయితే కాలుతుంది. పది ఇరవై రూపాయల ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకోండి.