ఎస్‌డీ కార్డ్ రెగ్యులేటర్ లోడ్: డ్రైవర్ చెప్పాలా, డివైస్ ట్రీలో ఫిక్స్ చేయాలా, ఏది మేలు?

మాదాపూర్, రాయదుర్గం వైపు బోర్డ్ బ్రింగప్ (కొత్త బోర్డ్ మీద సాఫ్ట్‌వేర్ మొదటిసారి నడిపించడం) చేసే టీముల్లో ఈ వాదన తరచూ వస్తూనే ఉంటుంది. క్వాల్‌కామ్ చిప్, దాని మీద లినక్స్, కార్డ్ స్లాట్‌కి పీఎంఐసీ (పవర్ చూసుకునే చిప్) లోని ఎల్‌డీఓ అనే రెగ్యులేటర్ నుంచి కరెంట్. ఆ ఎల్‌డీఓకి లో పవర్ (తక్కువ కరెంటే ఇవ్వగలదు), హై పవర్ (ఎక్కువ ఇస్తుంది) అని రెండు మోడ్‌లు. ఏది పెట్టాలో తేల్చేదెవరు?

ఒక దారి: కార్డ్ డ్రైవరే రెగ్యులేటర్ సెట్ లోడ్ అనే ఫంక్షన్ పిలిచి తనకెంత కావాలో మైక్రో ఆంపియర్లలో చెప్పడం. రెగ్యులేటర్ కోర్ (కెర్నల్‌లో రెగ్యులేటర్లని చూసుకునే భాగం) అదే లైన్ వాడుకునే అందరి లోడ్ కూడి మోడ్ ఎంచుకుంటుంది. రెండో దారి: డివైస్ ట్రీలో (బోర్డ్ హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కి చెప్పే ఫైల్) ఇనీషియల్ మోడ్ హై పవర్ అని రాసి, లోడ్ బట్టి మోడ్ మార్చనిచ్చే అలో సెట్ లోడ్ ప్రాపర్టీ తీసేయడం. అప్పుడు డ్రైవర్ ఆ ఫంక్షన్ పిలిచినా ఎర్రర్ రాదు, మోడ్ మారదు.

ఈ రెండూ పర్వాలేదు. అసలు ప్రమాదం మధ్యలో ఉంది: డివైస్ ట్రీలో అలో సెట్ లోడ్ ఉంటుంది, డ్రైవర్ మాత్రం నోరు విప్పదు. అదే లైన్ మీద టచ్ కంట్రోలర్ 20 మిల్లీ ఆంపియర్లు అడిగిందనుకోండి, చాలా ఎల్‌డీఓలకి హద్దు 10 దగ్గరే కాబట్టి హై పవర్ వస్తుంది, కార్డ్ హాయిగా నడుస్తుంది, టెస్టింగ్‌లో అందరూ ఓకే అంటారు. స్క్రీన్ ఆఫ్ కాగానే ఆ 20 పోతుంది, కోర్ లెక్కలో మొత్తం సున్నా, ఎల్‌డీఓ లో పవర్‌కి దిగుతుంది, అప్పుడే కార్డ్ మీద పెద్ద ఫైల్ రాస్తుంటే టైమవుట్. యూహెచ్‌ఎస్ (వేగంగా పనిచేసే) కార్డులకి కరెంట్ లిమిట్ 200 నుంచి 800 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటుంది మరి.

నా లెక్కలో స్లాట్ ఉన్న బ్యాటరీ డివైస్‌కి డ్రైవర్ చెప్పడమే మేలు. వాడేవాళ్లు ఏ కార్డ్ పెడతారో మనకి తెలీదు కాబట్టి గరిష్ఠమే అడగండి. పవర్ ఆఫ్ చేసేటప్పుడు సున్నా చేయాలన్న టెన్షన్ కూడా లేదు, 2018లో వచ్చిన మార్పు తర్వాత ఎనేబుల్ అయి ఉన్నవాళ్ల లోడే కోర్ లెక్కేస్తుంది, ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యేటప్పుడు) ఒక్కసారి పిలిస్తే చాలు. అయితే అలో సెట్ లోడ్‌తో పాటు ఏ మోడ్‌లు వాడొచ్చో చెప్పే అలౌడ్ మోడ్స్ కూడా రాయాలి, లేకపోతే మోడ్ మార్పు ఫెయిల్ అవుతుంది.

ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే బాక్స్, అందులో సోల్డర్ చేసిన ఈఎంఎంసీ (స్టోరేజ్ చిప్) అయితే హై పవర్ ఫిక్స్ చేసేయండి. అక్కడ మిగిలే కరెంట్ కోసం ఇంత కోడ్ అనవసరం.

ఏది ఎంచుకున్నా సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి నాలుగైదు బ్రాండ్ల కార్డులు కొని, స్క్రీన్ ఆఫ్ చేసి రైట్ టెస్ట్ నడపండి. కెర్నల్ లాగ్‌లో మైనస్ 110 (టైమవుట్ ఎర్రర్) కనిపిస్తే కార్డుని తిట్టుకునే ముందు డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి వివరాలు ఫైళ్లుగా చూపించే చోటు) రెగ్యులేటర్ సమ్మరీ తెరవండి, మోడ్ ఎంతో, ఎవరు ఎంత లోడ్ అడిగారో రెండూ అక్కడే ఉంటాయి.