సామాన్ల చిట్టా చూసి ఎక్స్‌పెడిషన్ బండి కొనకండి, నేను కొని ఇరుక్కున్నాను

దూర ప్రయాణాలకు అన్నీ అమర్చి సిద్ధం చేసిన ఓవర్‌ల్యాండ్ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొందామని చూస్తున్నవాళ్లు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి. కొనేముందు ఎవరైనా నాకు ఈ మాటలు చెప్పి ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటున్నాను.

నాలుగు నెలల కిందట అలాంటి బండి కొన్నాను. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, వెనక అల్యూమినియం పెట్టె, టాప్ మీద టెంట్. ప్రకటనలో "తాళం తిప్పి బయల్దేరడమే" అని రాశారు. కింద నాలుగు పేజీల చిట్టా. విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే మోటారు), ఇనుప బంపర్లు, రెండో డీజిల్ ట్యాంకు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్, సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్, డీజిల్ హీటర్, రెండు స్టెప్నీలు, ఇసుకలో దిగబడితే చక్రాల కింద వేసే పలకలు. ఒక్కొక్కటి విడిగా కొంటే ఎంతవుతుందో లెక్క కట్టాను. బండి దాదాపు ఉచితంగా వస్తోందనిపించింది.

అమ్మినాయన చిట్టాలో రాసిన ప్రతి వస్తువూ బండిలో ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ వస్తువులన్నిటినీ మోస్తున్న బండి ఎలా ఉందో చిట్టాలో ఒక్క ముక్క లేదు. నేనూ అడగలేదు.

చూడటానికి వెళ్లిన సాయంత్రం రెండు గంటలూ సామాన్ల ప్రదర్శనతోనే గడిచిపోయింది. టెంట్ విప్పి చూపించాడు, లైట్లు వేసి చూపించాడు, పొయ్యి బయటికి లాగి వెలిగించాడు. కిందికి ఒక్కసారి వంగి చూశాను. ఛాసిస్ (బండి అడుగున మొత్తం బరువు మోసే ఇనుప చట్రం) అంతా నల్లగా, కొత్తదానిలా మెరుస్తోంది. "తుప్పు పట్టకుండా మొన్ననే కోటింగ్ వేయించాను" అన్నాడు. బండిని ప్రేమగా చూసుకున్న మనిషి అనుకున్నాను. మీరు చూసే బండి కింద కొత్త కోటింగ్ కనిపిస్తే, దాని కింద ఏముందో తెలిసేదాకా డబ్బు ఇవ్వకండి.

ముందు బరువు సంగతి చెప్తాను. మిగతా రోగాల్లో చాలావరకు అక్కడి నుంచే పుట్టాయి.

ప్రతి బండికీ గరిష్ఠంగా ఎంత బరువు ఉండొచ్చో కంపెనీ ఒక ప్లేట్ మీద రాస్తుంది. సాధారణంగా అది డోర్ పక్కనో, ఇంజన్ దగ్గరో ఉంటుంది. బండి, మనుషులు, డీజిల్, నీళ్లు, సామాను అన్నీ కలిపిన లెక్క అది. నా బండికి 3,050 కిలోలు. కొన్న పది రోజులకు, వేరే పని మీద వెళ్తూ దారిలో వే బ్రిడ్జి కనిపిస్తే ఊరికే కాటా వేయించాను. నీళ్ల ట్యాంకు ఖాళీ, రెండో డీజిల్ ట్యాంకు ఖాళీ, మెయిన్ ట్యాంకులో పావు వంతు డీజిల్. నేను కూడా దిగి పక్కన నిలబడ్డాను. 2,890 చూపించింది.

అంటే మిగిలింది 160 కిలోలు. నేనూ మా ఆవిడా ఎక్కి కూర్చుంటే 150 పోతుంది. ఇక పది కిలోలు! లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి ఆ నీళ్ల ట్యాంకు నింపితే 100 కిలోలు. డీజిల్ లీటరుకు సుమారు 830 గ్రాములు, రెండో ట్యాంకు 90 లీటర్లు, అంటే 75 కిలోలు. మెయిన్ ట్యాంకు నింపితే ఇంకో 50. బట్టలు, పనిముట్లు, వంట సరుకులు 75 వేసుకుంటే మొత్తం 3,340. హద్దు మీద 290 కిలోలు ఎక్కువ. చిట్టాలో ఉన్న ట్యాంకులు నింపుకుని, చిట్టాలో చెప్పినట్టు ప్రయాణం చేస్తే ఆ బండి ఏ రోజూ చట్టబద్ధంగా రోడ్డు మీద ఉండదు. అమ్మినప్పుడు ట్యాంకులు రెండూ ఎందుకు ఖాళీగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. టెస్ట్ డ్రైవ్‌లో బండి హాయిగా నడవడానికి అదే కారణం.

"సస్పెన్షన్ అప్‌గ్రేడ్ చేయించాను, ఎంత బరువైనా లాగుతుంది" అని అమ్మేవాళ్లు అంటారు. నాకూ అదే చెప్పారు. బలమైన స్ప్రింగులు వేస్తే బండి కుంగదు, అంతే. బ్రేకులు, యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు), ఛాసిస్ పాతవే. గరిష్ఠ బరువు అధికారికంగా పెరిగిందంటే దానికి సర్టిఫికెట్ ఉండాలి. అది లేకపోతే ప్లేట్ మీద ఉన్న అంకే లెక్క.

మొత్తం బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా కాటా మీదికి ఎక్కించి చూడండి. అన్నీ నింపాక నా బండి వెనక యాక్సిల్ మీద 2,070 కిలోలు పడింది, హద్దు 1,800. ముందు యాక్సిల్ మీద 1,270 మాత్రమే. రెండు స్టెప్నీలు, జెర్రీ క్యాన్లు (అదనపు ఇంధనం పట్టే డబ్బాలు), వాటి ఇనుప ఫ్రేము అన్నీ వెనక బంపర్‌కే వేలాడుతున్నాయి. వెనక యాక్సిల్ దాటి వేలాడే బరువు ఏతాములా పనిచేస్తుంది. రెండు యాక్సిళ్ల మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. వెనక యాక్సిల్‌కు 1.2 మీటర్ల అవతల 100 కిలోలు తగిలిస్తే, యాక్సిల్ మీద పడేది 100 కాదు, 140. ఆ ఎక్కువైన 40 ముందు చక్రాల మీది నుంచి లేచిపోతుంది. స్టీరింగ్ తేలికగా, ఇటూ అటూ తేలుతున్నట్టు అనిపించేది అందుకే. పెద్ద టైర్ల వల్ల అనుకుని వదిలేశాను.

మరి ఆ ఏతాము వంచేది దేన్ని? ఛాసిస్‌నే.

వెనక కమాన్ పట్టీలకు సాయంగా ఎయిర్ బ్యాగులు (ప్రమాదంలో తెరుచుకునేవి కాదు, స్ప్రింగులా పనిచేసే గాలి సంచులు) పెట్టారు. గాలి కొడితే వెనక భాగం పైకి లేస్తుంది, చూడటానికి బండి సమంగా నిలబడుతుంది. కమాన్ పట్టీలు బరువును ముందూ వెనకా రెండు చోట్ల ఛాసిస్‌కు అందిస్తాయి. ఎయిర్ బ్యాగ్ మాత్రం యాక్సిల్‌కు నేరుగా పైన ఒకే చోట తోస్తుంది. వెనక వేలాడే బరువు కిందికి లాగుతుంటే, అక్కడ బ్యాగ్ పైకి తోస్తుంటే, గతుకుల రోడ్డు మీద ఆ రెండిటి మధ్య ఛాసిస్ వేలసార్లు వంగి లేస్తుంది. చివరికి అలసిపోతుంది. నా బండిని ర్యాంప్ ఎక్కించి మెకానిక్ కోటింగ్ గీకితే క్యాబిన్‌కు కొంచెం వెనక రెండు వైపులా పాత వెల్డింగ్ బయటపడింది. ఎడమ వైపు ఆ వెల్డింగ్ పక్కనే కొత్త పగులు, వేలెడంత.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ప్రకటనలోని ఫోటోలు మళ్లీ తీసి చూశాను. పక్క నుంచి తీసిన ఫోటోలో క్యాబిన్‌కీ వెనక పెట్టెకీ మధ్య సందు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంది. ఆ సందు పై నుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. పైన ఎక్కువ ఉందంటే ఛాసిస్ తోక కిందికి వంగిందని అర్థం. ఆ ఫోటో నేను కనీసం యాభైసార్లు చూసి ఉంటాను, టెంట్ కోసం. పికప్ కొనేవాళ్లు ముందుగా ఆ సందు చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

లారీ ఛాసిస్ మీద గదిలాంటి పెట్టె కట్టిన పెద్ద బండ్లు చూసేవాళ్లు పెట్టెను ఛాసిస్‌కు ఎలా బిగించారో అడగండి. గుంతల్లో లారీ ఛాసిస్ మెలితిరగాలి, దాన్ని అలాగే తయారుచేస్తారు. పెట్టె మెలితిరగదు. అందుకే మంచి బిల్డర్లు మధ్యలో సబ్‌ఫ్రేమ్ (ఛాసిస్ మీద కూర్చునే ఇంకో చట్రం) పెట్టి, మూడు లేదా నాలుగు చోట్ల కదిలే కీళ్లతోనో స్ప్రింగులతోనో కలుపుతారు. అలా కదలిక ఇవ్వకుండా నేరుగా బోల్టులు బిగించేసి ఉంటే పెట్టె మూలల దగ్గరో ఛాసిస్ మీదో పగుళ్లు వెతకండి.

ఇప్పుడు కరెంటు సంగతి. దీనికి బరువుతో సంబంధం లేదు కానీ నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

చిట్టాలో "200 ఆంపియర్ అవర్ల బ్యాటరీ" అని ఉంది, ఏ రకమో రాయలేదు. ఈ రోజుల్లో చాలామంది వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కాబట్టి అదే అనుకున్నాను. తీరా చూస్తే పాత లెడ్ బ్యాటరీలు రెండు. లెడ్ బ్యాటరీ చాలాకాలం మన్నాలంటే దాని సామర్థ్యంలో సగమే వాడుకోవాలి. అంటే కొత్తగా ఉన్నప్పుడే 200లో మనకు దక్కేది 100. వీటిలో అదీ లేదు. 10 ఆంపియర్ల లోడ్ పెడితే నాలుగు గంటల్లో, అంటే 40 ఆంపియర్ అవర్లకే, వోల్టేజ్ పడిపోయి ఫ్రిజ్ ఆగిపోయింది. కొనేముందు ఒక బ్యాటరీని లేపి చూసినా తెలిసిపోయేది. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ దాదాపు 30 కిలోలు ఉంటుంది, లిథియం అందులో సగం కూడా ఉండదు.

వాటిని మార్చడానికి విప్పినప్పుడు అసలు విషయం కనబడింది. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే లావుపాటి కేబుల్ ఒక ఇనుప రేకు కన్నంలోంచి వెళ్తోంది. కన్నానికి రబ్బరు వాషర్ లేదు. కుదుపులకు రేకు అంచు కేబుల్ తోలును కోసి, రాగి బయటపడింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ లేదు. ఆ రాగి రేకుకు తగిలితే వందల ఆంపియర్ల కరెంటు ఆపేవాడు లేకుండా ప్రవహిస్తుంది, తీగ ఎర్రగా కాలుతుంది. ఆ పక్క అరలోనే గ్యాస్ సిలిండర్. అంతకు రెండు వారాల ముందు మేమిద్దరం ఆ బండి టాప్ మీద, ఆ టెంట్‌లో పడుకున్నాం. ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది. దయచేసి ఇది మాత్రం వదిలేయకండి. ప్యానెల్ విప్పించి, బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే ప్రతి తీగకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి. వైరింగ్ డయాగ్రమ్ అడగండి. "అంతా నాకు గుర్తుంది" అంటే డయాగ్రమ్ లేదనే.

చిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. 1417 అంటే 2017లో 14వ వారం. స్టెప్నీలది కూడా చూడండి, నావి రెండూ పాతవే. కంపెనీ టైర్లకంటే పెద్దవి వేస్తే మీటర్ తక్కువ తిరుగుతుంది. 31 అంగుళాల చోట 33 అంగుళాలవి వేసి, మీటర్ సరిచేయకపోతే, లక్ష చూపించిన బండి నిజానికి సుమారు 1,06,000 కిలోమీటర్లు తిరిగినట్టు. విన్చ్ తిరిగితే చాలదు, డ్రమ్ మీద చివరి కొన్ని చుట్లు ఉంచి మిగతా తాడంతా వదిలి, బరువు లాగించి చూడాలి.

కాగితాల దగ్గర ఇంకో దెబ్బ. రిజిస్ట్రేషన్‌లో ఇది ఇప్పటికీ మామూలు పికప్. పెట్టె, రెండో ట్యాంకు, గ్యాస్, పెద్ద టైర్లు వేటికీ అనుమతి కాగితం లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్తే కాటా చీటీ, మార్పుల సర్టిఫికెట్ తెమ్మన్నారు. చెప్పకుండా పాలసీ తీసుకుంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ నిలబడదని భయం. ఛాసిస్ నంబరు మీద కూడా ఆ నల్ల కోటింగే. గీకి చూస్తే కాగితాల్లోని 17 అక్షరాలతో సరిపోయింది, అదొక్కటే ఊరట.

విదేశీ నంబరు ప్లేటుతో, ప్రయాణం మధ్యలో అమ్మేస్తున్న బండి తక్కువకు వస్తోందని ఆశపడేవాళ్లకు ఒక మాట. అలాంటివి చాలావరకు కార్నే (సుంకం కట్టకుండా బండిని కొంతకాలం దేశంలోకి తెచ్చుకునే పూచీ పత్రం) మీదో, తాత్కాలిక దిగుమతి అనుమతి మీదో దేశంలోకి వస్తాయి. బండి తిరిగి బయటికి వెళ్తుందన్న హామీ మీదే కస్టమ్స్ సుంకం లేకుండా లోపలికి రానిస్తారు. ఆ లెక్క తేల్చకుండా చేతులు మారితే అమ్మినవాడి హామీ సొమ్ము పోతుంది, కొన్నవాడి బండిని జప్తు చేసే అవకాశం ఉంటుంది. దిగుమతి పూర్తయిందని కస్టమ్స్ ఇచ్చిన కాగితం చేతికి రానిదే అడ్వాన్స్ కూడా వద్దు.

పగులు బయటపడ్డాక అమ్మినాయనకు ఫోన్ చేశాను. "చూసుకునే కొన్నారు కదా" అన్నాడు. ఒప్పందంలో "ఉన్నది ఉన్నట్టుగా, అన్నీ పరిశీలించి కొంటున్నాను" అనే వాక్యం కింద నా సంతకం ఉంది. పాత వెల్డింగ్ సంగతి ఆయనకు తెలుసని నిరూపించే కాగితం నా దగ్గర లేదు. మీరు మాత్రం "ఛాసిస్‌కు వెల్డింగ్ కానీ మరమ్మతు కానీ జరగలేదు" అని, కాటాలో వచ్చిన బరువు ఇంత అని ఒప్పందంలోనే రాయించుకోండి. రాయడానికి వెనకాడితే మీకు కావాల్సిన జవాబు వచ్చేసినట్టే. చూడటానికి వెళ్లేముందే చెప్పండి: ట్యాంకులు నింపి ఉంచాలి, కాటాకు వెళ్దాం, ర్యాంప్ ఎక్కిద్దాం, ఖర్చు నాది అని.

ప్రస్తుతం వెనక ఇనుప బంపర్, ఒక స్టెప్నీ, రెండో ట్యాంకు, ఎయిర్ బ్యాగులు తీసేయించాను. కేబుళ్లన్నీ మార్పించి ఫ్యూజులు పెట్టించాను. ఖాళీ బండి 2,640కి వచ్చింది. ఛాసిస్ రిపేరు చేయొచ్చా, మొత్తం మార్చాలా అన్నది ఇంజనీర్ చూసి రాసివ్వాలి. అప్పటిదాకా బండి కదలదు.