మన సొంత ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాల్ డిస్క్: పని బాగుంది, రీబూట్ దగ్గరే జాగ్రత్త

పన్నెండు పాత మెషీన్లు, అన్నింట్లో ఒకేలా ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పడాలి, వాటికి నెట్ లేదు. మామూలు ఇన్‌స్టాల్ డిస్క్ పెట్టి కూర్చుంటే కీబోర్డు ఏది, హోస్ట్‌నేమ్ ఏంటి, డిస్క్‌ని ఎలా పార్టిషన్ చేయాలి, టైమ్‌జోన్ ఏది అని అవే ప్రశ్నలు పన్నెండుసార్లు. మూడో మెషీన్ దగ్గరే విసుగొచ్చి, జవాబులన్నీ ముందే లోపల పెట్టేసిన డిస్క్ ఒకటి తయారు చేసుకుందామని మొదలుపెట్టా. ఫ్రీబీఎస్‌డీతో పాటు వచ్చే టూల్స్‌తోనే ఈ పని అయిపోతుంది, బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. కాకపోతే నాకు ఒక్క సాయంత్రంలో అవ్వాల్సింది మూడు రోజులు పట్టింది, అందులో రెండు రోజులు పూర్తిగా నా తప్పే.

మొదటి తప్పు పెద్ద దారి పట్టడం. ఫ్రీబీఎస్‌డీ సోర్స్ కోడ్ ఉండే ఫోల్డర్లలో రిలీజ్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అధికారిక డిస్కులు తయారయ్యేది అక్కడి స్క్రిప్టులతోనే. రిలీజ్ డాట్ ఎస్‌హెచ్ నడిపితే అది స్క్రాచ్ అనే డైరెక్టరీలో శుభ్రమైన క్రూట్ (బయటి సిస్టమ్ కనపడని విడి గది లాంటి ఫోల్డర్) కట్టుకుని, సిస్టమ్ మొత్తాన్ని కంపైల్ చేసి, కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ) కట్టి, చివరికి డిస్క్1 (మామూలు ఇన్‌స్టాల్ డిస్క్), బూట్‌ఓన్లీ (బూట్‌కి సరిపడా చిన్నది), మెమ్‌స్టిక్ (యూఎస్‌బీకి) ఇమేజ్‌లు వరుసగా చేతిలో పెడుతుంది. వచ్చిన ఇమేజ్‌లకు వంక పెట్టలేం. కానీ ఆ కంపైల్‌లో ఎక్కువ సమయం తినేది ఎల్ఎల్‌వీఎమ్, అంటే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ డిస్క్‌లో పెట్టడం కోసం నేను ఒక కంపైలర్‌ని మొదట్నించీ కట్టించానన్నమాట, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. సొంత కెర్నల్ కాన్ఫిగ్, సొంత ప్యాచ్‌లు ఉన్నవాళ్లకు ఇదే సరైన దారి, వాళ్లు కళ్లు మూసుకుని వాడొచ్చు. నాలాంటివాళ్లకు అక్కర్లేదు.

చిన్న దారి ఇది. అధికారిక డిస్క్1 ఐఎస్ఓ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) డౌన్‌లోడ్ చేసుకుని, దాన్ని ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి విప్పి, మనకు కావాల్సిన ఫైల్ పెట్టి, మళ్ళీ ఐఎస్ఓగా కట్టేయడం. విప్పడానికి మౌంట్ (డిస్క్‌లా సిస్టమ్‌కి తగిలించడం) కూడా చేయక్కర్లేదు, ఫ్రీబీఎస్‌డీలో ఉండే టార్ (ఫైళ్లను కట్టగా కట్టే, విప్పే కమాండ్) లిబ్‌ఆర్కైవ్ అనే లైబ్రరీ మీద నడుస్తుంది కాబట్టి ఐఎస్ఓని కూడా మామూలు ఆర్కైవ్‌లాగే తెరిచేస్తుంది (ఇది తెలిసిన రోజు నాకు భలే సంతోషమేసింది). రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) విప్పండి, లేకపోతే ఫైళ్ల ఓనర్లందరూ మీరే అయిపోతారు.

తిరిగి కట్టే దగ్గర రెండో తప్పు చేశా. రిలీజ్ ఫోల్డర్‌లోనే, ఏఎండీ64 కింద, ఎంకేఐఎస్ఓఇమేజెస్ అనే స్క్రిప్ట్ ఉంది. అది వాడకుండా, ఎప్పుడో రాసిపెట్టుకున్న ఎంకేఐఎస్ఓఎఫ్ఎస్ కమాండ్‌నే కొట్టా. డిస్క్‌కి ముచ్చటగా నా సొంత లేబుల్ కూడా పెట్టుకున్నా. బూట్ చేస్తే లోడర్ మెనూ వచ్చింది, కెర్నల్ లోడ్ అయ్యింది, హార్డ్‌వేర్ వరసలన్నీ స్క్రీన్ మీద జోరుగా పరిగెత్తాయి, హమ్మయ్య అనుకునేలోపు ఆగిపోయింది. ఐఎస్ఓ9660 కింద ఏదో పేరు చెప్పి దాని కోసం ఎదురుచూస్తున్నా అంది, మూడు సెకన్లాగి ఎర్రర్ 19 అంది, కింద మౌంట్‌రూట్ అని ప్రాంప్ట్ పెట్టి నా వైపు చూస్తూ కూర్చుంది.

ఐఎస్ఓ పాడయిందేమోనని మళ్ళీ డౌన్‌లోడ్ చేశా, డ్రైవ్ పోయిందేమోనని మార్చా. అసలు సంగతేంటంటే, డిస్క్‌లోని ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే ఎఫ్‌స్టాబ్‌లో ఒకే ఒక్క లైన్ ఉంటుంది: రూట్ ఫైల్‌సిస్టమ్ ఫలానా లేబుల్ ఉన్న డిస్క్ మీద ఉంది, రీడ్‌ఓన్లీగా మౌంట్ చెయ్యి అని. అధికారిక డిస్క్ లేబుల్‌లో వెర్షను, ఆర్కిటెక్చరు, చివర సీడీ అనే అక్షరాలు ఉంటాయి, ఎఫ్‌స్టాబ్‌లో ఉన్నదీ అదే పేరు. నేను లేబుల్ మార్చా, ఎఫ్‌స్టాబ్ మార్చలేదు. కెర్నల్ లోడయ్యేదాకా డిస్క్‌ని చదివేది మెషీన్ ఫర్మ్‌వేర్ సాయంతో లోడరే కాబట్టి లేబుల్‌తో పని పడదు, కెర్నల్ తన కాళ్ల మీద నిలబడి రూట్ వెతుక్కునేటప్పుడే బండారం బయటపడుతుంది. ఆ ప్రాంప్ట్ దగ్గర ప్రశ్నార్థకం కొడితే ఉన్న డివైస్‌లన్నీ చూపిస్తుంది, అక్కడ సీడీ0 కనిపిస్తే ముందు సీడీ9660 చేర్చి దాని పేరు టైప్ చేస్తే అప్పటికి ముందుకెళ్తుంది. ఎంకేఐఎస్ఓఇమేజెస్ స్క్రిప్ట్ అయితే మనం ఇచ్చిన లేబుల్‌ని పెద్దక్షరాలు చేసి ఎఫ్‌స్టాబ్‌ని తనే రాసుకుంటుంది, పైగా పాత రకం ఫర్మ్‌వేర్ బయోస్‌కీ, కొత్త రకం ఈఎఫ్ఐకీ రెండింటికీ బూట్ ఏర్పాటు పెడుతుంది, నా పాత కమాండ్‌లో బయోస్ భాగం ఒక్కటే ఉంది. మనకు తెలిసిన కమాండ్ అని మురిసిపోకుండా ఉన్న స్క్రిప్ట్ వాడితే ఒక రోజు మిగులుతుంది.

సీడీ నుంచి బూట్ అయ్యే ఈ పద్ధతి పేరు ఎల్ టొరిటో, 1995 నాటి స్పెసిఫికేషన్. అది తయారుచేసినవాళ్లు ఆ పేరున్న హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నారని ఒక కథ చెప్తారు. నిజమో కాదో గానీ, నేటికీ అదే నడుస్తోంది.

ఇక ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇన్‌స్టాలర్‌కాన్ఫిగ్. 2012లో వచ్చిన 9.0 నుంచి పాత ఇన్‌స్టాలర్ సిస్‌ఇన్‌స్టాల్ స్థానంలో బీఎస్‌డీఇన్‌స్టాల్ డిఫాల్ట్ అయ్యింది కదా, అది దాదాపు మొత్తం షెల్ స్క్రిప్టులే, లోపల ఏం జరుగుతోందో తెరిచి చదువుకోవచ్చు. డిస్క్‌లోని ఈటీసీలో ఇన్‌స్టాలర్‌కాన్ఫిగ్ అనే ఫైల్ కనిపిస్తే ఏ ప్రశ్నా అడగదు. ఫైల్ పైసగంలో ఏ హార్డ్ డిస్క్ మీద వేయాలి, ఏ సెట్లు (బేస్ సిస్టమ్, కెర్నల్ లాంటి ఫైళ్ల కట్టలు) వేయాలి అని రెండు మూడు వేరియబుల్స్. తర్వాత హాష్, ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే మామూలు షెల్ స్క్రిప్ట్ లైన్, అక్కడి నుంచి కింద ఉన్నదంతా కొత్తగా వేసిన సిస్టమ్‌లో క్రూట్ చేసి నడుస్తుంది. నాది మొత్తం పద్దెనిమిది లైన్లు. మాన్ పేజీలో స్క్రిప్టింగ్ అని ఒక భాగం ఉంది, ఉదాహరణలతో సహా, అది ఒక్కటి చదివితే చాలు.

పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయకండి. అది ఉత్త టెక్స్ట్ ఫైల్, డిస్క్ ఎవరి చేతికి దొరికితే వాళ్లు చదువుతారు. నేను నా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) పబ్లిక్ కీ ఒక్కటే పెట్టా.

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన రీబూట్ సంగతి. ఇన్‌స్టాల్ పూర్తవగానే ఈ డిస్క్ పది సెకన్లు లెక్కపెట్టి తనంతట తనే రీబూట్ చేస్తుంది. మెషీన్ బూట్ ఆర్డర్‌లో హార్డ్ డిస్క్ కంటే ముందు ఈ డిస్క్ డ్రైవే ఉంది. డిస్క్ ఇంకా డ్రైవ్‌లోనే ఉంది. నేనేమో టీ తాగడానికి వెళ్లా. తిరిగొచ్చి చూస్తే ఇన్‌స్టాల్ నడుస్తోంది, ఇంత స్లో ఏంట్రా అనుకున్నా, తర్వాత వెలిగింది, అది మూడోసారో నాలుగోసారో, వేసుకోవడం, రీబూట్ అవ్వడం, మళ్ళీ తుడిచి వేసుకోవడం. నవ్వొచ్చే విషయమే, కొత్త మెషీన్ కాబట్టి. అదే డిస్క్‌ని ఇంకో రోజు నేను రోజూ వాడే మెషీన్‌లో మర్చిపోయి రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఫైల్‌లో ఏడీఏ0 అని రాశా, ఆ మెషీన్‌లోనూ మొదటి సాటా హార్డ్ డిస్క్ పేరు ఏడీఏ0నే, అడగొద్దని నేనే చెప్పాను కాబట్టి అడగలేదు. నాలుగు నెలల నోట్సు పోయింది.

అందుకే రెండు మార్పులు చేశా. ఇన్‌స్టాలర్‌ని మొదలుపెట్టే, డిస్క్‌లోని ఆర్‌సీ డాట్ లోకల్ కూడా మామూలు టెక్స్ట్ ఫైలే, ఇన్‌స్టాల్ పూర్తయ్యాక రీబూట్ అని ఉన్న చోట పవర్ ఆఫ్ చేయమని రాశా. రెండోది, ఇన్‌స్టాల్ మొదలయ్యే ముందు ఒకే ఒక్క ప్రశ్న, అవును అని మొత్తం టైప్ చేస్తేనే కదులుతుంది, ఉత్త ఎంటర్ చాలదు. మనిషి లేకుండా నడిచేది కదా, ప్రశ్నెందుకు అంటారేమో. పన్నెండుసార్లు ఒక మాట టైప్ చేయడం నాకు సమ్మతమే.

ప్యాకేజీల (అదనపు సాఫ్ట్‌వేర్) దగ్గర కాస్త తిరకాసు ఉంది. చివరి స్క్రిప్ట్ క్రూట్ లోపల నడుస్తుంది కాబట్టి దానికి డిస్క్‌లోని ఫోల్డర్లు కనపడవు. ప్యాకేజ్ టూల్ కూడా బేస్ సిస్టమ్‌లో పూర్తిగా ఉండదు, దాన్ని తెచ్చిపెట్టే చిన్న స్టబ్ ఒకటే ఉంటుంది, నెట్ లేకపోతే అది చేతులెత్తేస్తుంది. నేను చేసిందేంటంటే, కావాల్సిన ప్యాకేజీ ఫైళ్లు, ప్యాకేజ్ టూల్‌తో సహా, అన్నీ కలిపి నా సొంత టీఎక్స్‌జెడ్ (కుదించిన ఫైళ్ల కట్ట) ఒకటి కట్టి, బేస్, కెర్నల్ సెట్లు ఉండే ఫ్రీబీఎస్‌డీ-డిస్ట్ ఫోల్డర్‌లోనే పెట్టి, సెట్ల జాబితాలో దాని పేరు చేర్చా. బేస్ మీద అది కూడా విప్పుకుంటుంది, తర్వాత స్క్రిప్ట్‌కి ఫైళ్లు లోకల్‌గా దొరుకుతాయి. పక్కనే ఉండే మ్యానిఫెస్ట్ ఫైల్‌లో దాని ఎస్‌హెచ్ఏ256 (ఫైల్ పాడవలేదని సరిచూసే అంకె) లైన్ చేర్చండి, కాలమ్‌ల మధ్య ట్యాబ్‌లు ఉండాలి, స్పేస్‌లు కాదు. దానికీ రిలీజ్ ఫోల్డర్‌లో రెడీమేడ్ స్క్రిప్ట్ ఉంది.

ఇంకో తెలివి కూడా చూపించాను మొదట్లో: ఒక మెషీన్‌ని చక్కగా సెట్ చేసి, దాని మొత్తాన్ని టార్ చేసి బేస్ బదులు పెట్టేశా. పని చేసింది. అన్ని మెషీన్లకూ ఒకే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీ, ఒకే హోస్ట్ఐడీ వచ్చాయి, మెషీన్‌కొకటి వేరుగా ఉండాల్సిన గుర్తింపులవి. అలా చేయకండి.

ఎమ్ఎఫ్ఎస్‌బీఎస్‌డీ కూడా ఒకసారి వాడి చూశా. మార్టిన్ మాటుష్కా చేసిన ఈ టూల్ సిస్టమ్ మొత్తాన్ని మెమరీలోకి ఎక్కించి నడుపుతుంది, బూట్ అయ్యాక డిస్క్ తీసేయొచ్చు, ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచే లోపలికి వెళ్లొచ్చు, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద వేయడానికి విడిగా ఒక స్క్రిప్ట్ కూడా ఇస్తుంది. చేతిలో లేని సర్వర్‌కి, చెడిపోయిన మెషీన్‌ని లేపడానికి బంగారం లాంటిది. డిఫాల్ట్ రూట్ పాస్‌వర్డ్ అందరికీ తెలిసినదే, కట్టేటప్పుడే మార్చేయండి. నా అవసరానికి మాత్రం ఇన్‌స్టాలర్‌కాన్ఫిగే సరిపోయింది.

సైజు గురించి ఒక మాట, డిస్క్1 ఇప్పుడు 700 ఎంబీ సీడీలో పట్టదు, డీవీడీ కావాలి. యూఎస్‌బీ నుంచి బూట్ అయ్యే మెషీన్లయితే మెమ్‌స్టిక్ ఇమేజ్ తీసుకుని అందులోనే ఇదే ఫైల్ పెట్టండి, మళ్ళీ కట్టే గొడవే ఉండదు. నా వాటిలో సగం యూఎస్‌బీని పట్టించుకోవు కాబట్టి డీవీడీయే కాల్చాల్సి వచ్చింది, కాల్చే ముందు ప్రతిసారీ క్యూఈఎమ్‌యూ అనే వర్చువల్ మెషీన్‌లో బూట్ చేసి చూసుకున్నా.

పన్నెండూ అయిపోయాయి, ఆఖరి తొమ్మిదీ ఒక్క మధ్యాహ్నంలో. ఆ డీవీడీ ఇంకా నా దగ్గరే ఉంది, దాని మీద వెర్షన్ నంబర్ రాయలేదు, ఎర్ర మార్కర్‌తో 'పెట్టావో, పోయాయి' అని మాత్రం రాసుకున్నా.