నిజాం అష్రఫీ అమ్మాలంటే ఎక్కడికి పోవాలి? వరంగల్ నుంచి మా అనుభవం

మా నాయనమ్మ దాచిన ఏడో నిజాం కాలం బంగారు నాణెం, అంటే అష్రఫీ, అమ్మాల్సి వచ్చి, చౌరస్తా దగ్గరి బంగారం షాపు నుంచి ముంబై వేలం దాకా అన్నీ చూశాం. అందుకే రాస్తున్నా.

బంగారం షాపుకు నేనిచ్చే మార్కులు సున్నా. మోసం చేస్తారని కాదు, వాళ్ల లెక్కలో అది నాణెం కాదు, బంగారం ముక్క అంతే. మేం వెళ్లిన చోట షాపాయన తిప్పి కూడా చూడకుండా కాంటా మీద పెట్టి, వెంటనే గీటురాయి తీశాడు. "అన్నా, గీకకు" అని మా తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే అంచు మీద పడే ఆ గీతకే నాణేలు సేకరించేవాళ్లు ధర తెగ్గోస్తారు. అయినా షాపు రేటు తెలుసుకోవడానికి షాపు దాకా పోనక్కర్లేదు. నిండు అష్రఫీ (అర, పావు కానిది) 11.18 గ్రాములు, అందులో బంగారం 91 శాతం, ఆరోజు మేలిమి బంగారం రేటుతో ఇంట్లోనే గుణించుకోవచ్చు. అంతకంటే తక్కువకు ఎవరడిగినా లేచి వచ్చేయండి.

హైదరాబాద్‌లో పాత నాణేల డీలర్ దగ్గర పద్ధతే వేరు. ఆయన ముందు భూతద్దం తీశాడు. చార్మినార్ బొమ్మలో కమాను మధ్య చిన్న ఉర్దూ లిపి అక్షరం ఉంటుంది, 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ అని చూపించి, హిజ్రీ సంవత్సరం చదివి, ఆ తర్వాతే తూకం వేశాడు. మా మేనత్త గొలుసులోంచి తీసిన ఇంకో అష్రఫీ కూడా చూపించాం. పైన రింగు అతికించిన మచ్చ చూడగానే, "ఇది బంగారం రేటుకే పోతుందమ్మా, మీ ఊళ్లోనే ఇచ్చేయండి" అన్నాడు. ఆ మాటతోనే ఆయన మీద నమ్మకం కుదిరింది. మంచిదానికి షాపు కంటే బాగానే చెప్పాడు, కాకపోతే ఆయనా మళ్లీ అమ్ముకోవాలి కదా, తన లాభం చూసుకునే చెప్తాడు. పెళ్లో ఆస్పత్రో ఉండి డబ్బు అర్జెంటైతే ఇదే నయం.

తొందర లేకపోతే మాత్రం వేలమే. ముంబైలో టోడీవాలా, ఓస్వాల్, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ లాంటివి ఉన్నాయి. పాత వేలాల్లో ఏ నాణెం ఎంతకు పోయిందో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మీ నాణెం లాంటిది వెతికి చూసుకుంటే ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. కమిషన్ ఎంతో, కనీస ధర ఎంత పెడతారో, అమ్ముడుపోకపోతే తిరిగి పంపే ఖర్చు ఎవరిదో ముందే అడిగి, ఫొటో, బరువు ఉన్న రసీదు తీసుకోండి. డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది, ఆ టెన్షన్‌కు సిద్ధపడాలి. మేం చివరికి ఇటే పోయాం, కమిషన్ పోను కూడా డీలర్ చెప్పినదానికంటే ఎక్కువే వచ్చింది.

ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామనే వాట్సాప్ బ్యాచ్ సంగతి సరేసరి. ముందు ఫీజు కట్టమన్నారంటే దొంగలే, ఆర్‌బీఐ పేరు వాడుకుని ఇలా దోచుకుంటున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. విదేశాల్లో ఎక్కువొస్తుందని ఎవరైనా చెప్పినా వినకండి, వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, మనం దేశం దాటించడానికి లేదు. ఎవరికి అమ్మినా బ్యాంకు ద్వారానే తీసుకోండి, 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పెనాల్టీ పడేది పుచ్చుకున్నవాళ్లకే.