ఇనతోరి తీరంలో గడియ పెట్టుకునే వేడినీటి స్నానం

మా అమ్మకు నదీస్నానం కొత్త కాదు. రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో చీరతోనే మూడు మునకలు వేసి, తడిబట్టలతో సూర్యుడికి దండం పెట్టుకుని ఒడ్డెక్కడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అటువంటి మనిషిని రెండేళ్ళ క్రితం జపానులో హకోనే కొండల్లోని ఒక వేడినీటి స్నానశాలకు తీసుకువెళితే, ఒంటిమీద నూలుపోగు లేకుండా పరాయి ఆడవాళ్ళ నడుమ నీళ్ళలోకి దిగాలని తెలిసి గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్నగారు పురుషుల వైపు వెళ్ళి హాయిగా స్నానం చేసి వచ్చారు. అమ్మా నేనూ ఆ గంటసేపూ బయట బల్ల మీద కూర్చున్నాం. ఈ ఫిబ్రవరిలో వాళ్ళిద్దరూ మళ్ళీ టోక్యోకు వచ్చినప్పుడు, తలుపుకు గడియ పెట్టుకుని మనవాళ్ళం మాత్రమే స్నానం చేయగలిగే చోటు దొరికితేనే ప్రయాణమని ముందే అనుకున్నాను.

జపానులో ఇటువంటి ఏర్పాటు రెండు రకాలుగా ఉంటుంది. గదికే చిన్న ఆరుబయటి తొట్టి అమర్చి ఉండటం ఒకటి, సత్రంలోని రెండు మూడు స్నానపు గదులను వంతులవారీగా ఒక్కో కుటుంబానికి వదిలిపెట్టడం రెండోది. రెండోదాన్ని అక్కడ కషికిరి అంటారు. మొదటిదానికి ఖర్చు బాగా ఎక్కువ. పైగా నేను చూసిన అటువంటి గదుల్లో తొట్టి ఇద్దరు ఇరుకుగా పట్టేంతే ఉంది. అందువల్ల నేను కషికిరినే ఎంచుకున్నాను, ఆ ఎంపిక సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఊరి ఎంపికకు ఎక్కువ సమయం పట్టింది. టోక్యోకు నైరుతిన ఉన్న ఇజు ద్వీపకల్పపు తూర్పు తీరమంతా వేడిబుగ్గల ఊళ్ళే. అతమికి టోక్యో నుంచి షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో గంట కూడా పట్టదు, కానీ అక్కడ పెద్ద హోటళ్ళే ఎక్కువ. ఇతో కొంచెం నెమ్మదైన ఊరు. హొక్కవలో అలలు తగిలేంత దగ్గరగా రాళ్ళ మధ్య ఆరుబయటి స్నానశాల ఉంది, ఆ అందం నేను మరెక్కడా చూడలేదు, అయితే అది నలుగురితో కలిసి చేసే స్నానమే. చివరకు ఇనతోరిని ఎంచుకున్నాను. అది చేపల రేవు, చిన్న ఊరు. ఊరి సత్రాల్లో చాలావాటి కిటికీలు నేరుగా సముద్రం మీదికే తెరుచుకుంటాయి.

రైలు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. టోక్యో నుంచి ఒదొరికో రైలు ఎక్కితే దిగకుండా రెండు గంటల పైచిలుకులో ఇనతోరి చేరవచ్చు. కానీ పర్యాటకుల కోసం జపాను రైల్వే ఇచ్చే, దేశమంతటికీ పనిచేసే జేఆర్ పాస్ ఇతో వరకే చెల్లుతుంది, అక్కడి నుంచి షిమోద దాకా ఉన్నది ఇజుక్యూ అనే వేరే సంస్థ రైలుమార్గం కాబట్టి మిగతా దూరానికి విడిగా డబ్బు కట్టాలి. టోక్యో చుట్టుపక్కల ప్రాంతాలకు చెల్లే టోక్యో వైడ్ పాస్ ఉన్నవాళ్ళకు ఆ బెడద లేదు. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది.

మేము దిగిన సత్రంలో ఎనిమిదే గదులు. నడిపేది భార్యాభర్తలు, వంట ఆయనది, మిగతాదంతా ఆమెది. స్టేషనుకు బండి పంపి, గుమ్మంలో చెప్పులు మేము విప్పీ విప్పకముందే వాటిని తిప్పి సర్దిపెట్టారు. స్నానపు గదులు మూడు. ఒకటి హినోకి అనే సువాసన గల దేవదారు జాతి చెక్కతో చేసిన తొట్టి, ఒకటి నల్లరాళ్ళది, మూడోది ఆరుబయట సముద్రం వైపు. ముందుగా పేరు రాయించుకునే పని లేదు, అదనపు రుసుమూ లేదు. తలుపు మీది చెక్క బిళ్ళను తిప్పి లోపల గడియ వేసుకోవడమే. నలభై అయిదు నిమిషాల్లో బయటికి రమ్మని చెప్పారు కానీ, వారం మధ్యలో వెళ్ళడం వల్ల మా వెనక ఎవరూ ఎదురుచూడలేదు.

అమ్మకు మరో సందేహం ఉంది. గంధకం ఉన్న నీళ్ళలో వెండి నల్లబడుతుందని ఎవరో చెప్పారట, కాలి మెట్టెలు తీయడానికి ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. అదృష్టవశాత్తూ జపానులో వేడిబుగ్గ నీటిలో ఏమేమి ఉన్నాయో తెలిపే పత్రం స్నానశాలలో అందరికీ కనిపించేలా పెట్టాలన్న నియమం ఉంది. బట్టలు మార్చుకునే గదిలో ఆ పత్రం ముందు నిలబడి పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివాను. అది సోడియం క్లోరైడ్ నీరు, అంటే ఉప్పు బుగ్గ, గంధకం చెప్పుకోదగినంత లేదు. అప్పుడు గాని అమ్మ నీళ్ళలో కాలు పెట్టలేదు. రెండు రోజుల తరువాత కూడా మెట్టెలు తెల్లగానే ఉన్నాయి.

ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా కడుక్కుని, ఆ తరువాతే తొట్టిలోకి దిగాలి, తొట్టిలో సబ్బు గాని తువ్వాలు గాని ముంచకూడదు. మొదట తల మీద చెంబుతో నీళ్ళు పోసుకోకుండా స్నానం ఏమిటని అమ్మ అనుకున్నా, మెడ దాకా ఆ నీళ్ళలో మునిగాక మాట్లాడటమే మానేసింది. నీళ్ళు 42 డిగ్రీల దగ్గర ఉన్నాయి, పెదవికి తగిలితే ఉప్పగా ఉన్నాయి. ఒంటిమీద ఉప్పు పల్చని పొరలా నిలిచి చెమటను త్వరగా ఆరనివ్వదట, అందుకే బయటికి వచ్చాక చాలాసేపు ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. నాన్నగారికి రక్తపోటు ఉంది కాబట్టి ఆయన్ను ఒక్కసారి పది నిమిషాలకు మించి ఉండనివ్వలేదు, దిగేముందూ వచ్చాకా మంచినీళ్ళు తాగించాను.

మరునాడు ఆరు గంటలకే అమ్మా నేనూ ఆరుబయటి తొట్టిలో ఉన్నాం. ఆ తీరం తూర్పు ముఖం, ఎదురుగా ఇజు ఓషిమ దీవి నల్లటి గీతలా ఉంది. సముద్రం మీద సూర్యుడు పైకి రాగానే అమ్మ ఆ తొట్టిలోనే రెండు చేతులూ జోడించింది, దోసిలితో నీళ్ళు తీసి వదిలింది. గడియ వేసి ఉన్నందువల్లే ఆమె ఆ పని ఏ సంకోచమూ లేకుండా చేయగలిగింది. నేను ఈ ప్రయాణానికి పెట్టిన ప్రతి యెన్నూ ఆ ఒక్క నిమిషానికే సరిపోయింది.

భోజనం గురించి కొంచెం వివరంగా రాయాలి, మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే. అమ్మ నీచు మానేసి పదేళ్ళయింది. జపాను వంటలో చేప కనిపించకపోయినా, పులుసులోనూ కూరలోనూ ఎండు చేప తురుముతో కాచిన దాషి ఉంటుంది. కాబట్టి శాకాహారమని ఒక్క మాట చెబితే చాలదు. నేను మూడు వారాల ముందే జపనీస్‌లో ఉత్తరం రాసి, దాషిని కొంబు అనే సముద్రపు నాచుతోనూ ఎండు షీటాకే పుట్టగొడుగులతోనూ చేయగలరా అని అడిగాను. గుడ్డు, పాలు, ఉల్లి తింటారా అని వాళ్ళే తిరిగి అడిగారు. రాత్రి నువ్వుల తోఫు, ఆవపూల కూర, విడిగా వేయించిన కూరగాయల తెంపురా, అప్పటికప్పుడు తురిమిన, వాసబి అనే ఘాటైన ఇజు దుంప వచ్చాయి. ఉదయం మాత్రం పాలకూర మీద చేప తురుము చల్లి తెచ్చారు. చెప్పగానే ఇంటామె తల వంచి క్షమాపణ అడిగి గిన్నె మార్చింది, అయినా అమ్మ ఆ పూట అన్నమూ ఊరగాయతోనే సరిపెట్టుకుంది. నాన్నగారికి ఇనతోరి పేరుపడ్డ కిన్‌మెదై చేప పెట్టారు, ఎర్రటి ఒళ్ళు, బంగారు రంగు పెద్ద కళ్ళు, సోయా చక్కెరల పాకంలో ఉడికించింది. గోదావరి పులసతో తప్ప దేనితోనూ పోల్చని మనిషి ఆ చేపను తలతో సహా శుభ్రంగా తిన్నారు.

లోపాలూ చెప్పాలి. లిఫ్టు లేదు, మా గది రెండో అంతస్తులో ఉంది. నేల మీద పరుపులు వేస్తారు, మోకాళ్ళ నొప్పితో నాన్నగారు రాత్రి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. గోడలు పల్చన, పక్క గదిలో దగ్గినా వినిపించింది. రాత్రి భోజనం ఆరున్నరకు, ఆలస్యంగా చేరేవాళ్ళకు ఇది కుదరదు.

పగలు ఊళ్ళో చూడవలసింది వేలాడే బొమ్మలు. ఆడపిల్లల పండుగకని ఇంటి ఆడవాళ్ళు గుడ్డపీలికలతో కుట్టిన కోతులు, పీచ్ పండ్లు, చిట్టి పిల్లలు ఎర్రటి దారాలకు వరసగా వేలాడుతుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆ ప్రదర్శన ఉంటుంది. ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే అమ్మకు అక్కడి నుంచి కాళ్ళు కదల్లేదు. పక్క ఊరు కవజులో ముందుగా పూసే చెర్రీ చెట్లూ ఆ వారమే విరగబూశాయి గానీ, అక్కడి జనం రద్దీలో మేము అరగంట కూడా ఉండలేకపోయాం.

రెండు పూటల భోజనంతో మనిషికి రాత్రికి 24,000 యెన్లు, దాని మీద స్నానపు పన్ను 150 యెన్లు అయింది. అదే ధరకు అతమిలో ఇంకా పెద్ద గది, లిఫ్టు, మంచాలు దొరికేవి. స్నానం మాత్రం అందరితో కలిసే చేయాలి. బయలుదేరే రోజు పొద్దున కింది అంతస్తులో మంచాలున్న గది ఒకటి ఉందని ఇంటామె చెబితే, అక్టోబరులో పిన్నిని కూడా తీసుకువద్దామని అమ్మ నా చెవిలో చెప్పింది. తేదీలు అక్కడే రాయించి వచ్చాను.