సఖి కేంద్రం, 181: కట్నం వేధింపులకు ఎంతవరకు పనికొస్తాయి?

వేధింపులకు గురైన మహిళలకు సాయపడే ప్రభుత్వ కేంద్రాలే సఖి కేంద్రాలు; కాకినాడ, ఏలూరు కేంద్రాల్లో సేవ ఉచితం. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఏ వేళ ఫోన్ చేసినా దారి చెబుతారు. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా ఒకేచోట దొరుకుతాయి. బస మాత్రం సాధారణంగా 5 రోజులే, అదే పెద్ద లోటు.

పెళ్లిలో ఇచ్చింది రాబట్టాలంటే కాగితమే బలం. వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన 1985 నిబంధనల ప్రకారం కానుకల జాబితాలో వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులు సంతకం చేయాలి. మన డెల్టాలో సారె కావిళ్లు లెక్కపెడతారు గానీ ఇది రాసేవారేరీ? పసుపు కుంకుమ కింద ఇచ్చిన కొబ్బరితోట అల్లుడి పేర రిజిస్టరైతే అసలు చిక్కు మొదలు. పెళ్లికి ముందు పుచ్చుకున్న కట్నాన్ని పెళ్లయిన 3 నెలల్లో అమ్మాయికి అప్పగించాలని 1961 నాటి ఆ వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. ఆడపడుచు లాంఛనాలు నగదుగా చేతులు మారితే రుజువు దొరకడం కష్టం.