గ్వాష్ రంగులతో ఊహాలోక చిత్రాలు: ఆరేళ్ల వాడకం తర్వాత

డ్రాగన్లు, మంత్రగత్తెలు, మబ్బుల్లో తేలే కోటలు గీయాలనుకునేవాళ్లలో చాలామంది నీటి రంగులతో మొదలుపెడతారు, లేదంటే నేరుగా టాబ్లెట్‌కి వెళ్లిపోతారు. గ్వాష్ జోలికి వచ్చేవాళ్లు తక్కువ. ఆరేళ్లు విడవకుండా వాడాక నాకు తేలింది ఇది: వెలుగునీడలు ముందే తేల్చుకుని కూర్చునేవాళ్లకి దీనంత అనుకూలమైన రంగు లేదు. గీస్తూ గీస్తూ చూద్దాంలే అనుకునేవాళ్లని మాత్రం ఏడిపిస్తుంది.

గ్వాష్‌లో ఉండేవీ నీటి రంగులో ఉండేవే: పిగ్మెంటు (రంగు పొడి), తుమ్మ జిగురు, నీళ్లు. గ్వాష్‌లో పిగ్మెంటు వంతు ఎక్కువ కాబట్టి అడుగు రంగును కప్పేస్తుంది. చవక రకాల్లో కప్పుదనం కోసం సుద్దలాంటి తెల్లపొడి దండిగా కలుపుతారు. దాన్ని పట్టుకోవడం తేలికే. ముదురు నీలాన్ని బాగా పలచన చేసి కాగితం మీద లాగండి. స్వచ్ఛంగా పారితే మంచిది, పాలు కలిపినట్టు మసకగా కనిపిస్తే అందులో సుద్ద ఉంది. అలాంటి ట్యూబుతో రాత్రి అడవి గీస్తే బూడిద రంగు అడవే వస్తుంది.

పెద్ద సెట్టు అక్కర్లేదు. టైటానియం తెలుపు, నిమ్మ పసుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), ఒక వెచ్చని ఎరుపు, క్వినాక్రిడోన్ రోజ్ (చల్లని గులాబీ), అల్ట్రామెరైన్ (ఊదా వైపు మొగ్గే నీలం), ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం). ఈ ఎనిమిదీ చాలు. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు తీసుకోండి, మిగతావాటికన్నా మూడు నాలుగు రెట్లు వేగంగా అయిపోతుంది. జింక్ తెలుపు లేత ఛాయలు కలపడానికి బాగుంటుంది కానీ కప్పడానికి పనికిరాదు. నల్ల ట్యూబు నేను వాడను. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే నలుపుకి ప్రాణం ఉంటుంది, నీలం వైపో గోధుమ వైపో లాగవచ్చు కూడా. మిలమిలలాడే ఫ్లోరసెంట్ గులాబీలు, కొన్ని ఊదాలు మంత్రాల కాంతికి ఊరిస్తాయి. కానీ వాటిలో ఉండేది ఎక్కువగా డై, అంటే నీటిలో కరిగే రంగు. వెలుతురుకి వెలిసిపోతుంది, పైన తెలుపు వేస్తే ఆ తెల్లలోకి గులాబీ ఊరుతుంది. స్కాన్ చేసి పక్కన పెట్టే బొమ్మలకి సరే, గోడకి వేలాడదీసేవాటికి వద్దు.

అసలు కష్టమంతా ఆరాక రంగు మారడంలో ఉంది. లేత రంగులు ఆరాక ఒక మెట్టు ముదురుతాయి, ముదురువి ఒక మెట్టు పాలిపోతాయి. తడిగా ఉన్నప్పుడు పైనున్న నీటిపొర వల్ల నలుపు లోతుగా కనిపిస్తుంది. ఆరాక గరుకు ఉపరితలం వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడుతుంది, దాంతో ఆ లోతు పోతుంది. కన్ను దీనికి అలవాటు పడేదాకా, అదే రకం కాగితం ముక్క మీద ప్రతి ముఖ్యమైన మిశ్రమాన్నీ ఒక గీత లాగి, ఆరబెట్టి చూసుకున్నాకే బొమ్మ మీద వేయాలి. కలిపేటప్పుడు కావలసినదానికి రెట్టింపు కలపండి. ఆకాశం సగంలో రంగు అయిపోతే, ఆరిన రంగుకి సరిపోయేలా మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం.

అందుకే మొదట అగ్గిపెట్టెంత స్కెచ్‌లో మూడే ఛాయలతో బొమ్మ తేల్చుకోవాలి: ఒక ముదురు, ఒక మధ్యమం, ఒక లేత. ఈ విషయంలో స్వీడన్ చిత్రకారుడు యోన్ బావర్ (1882–1918) బొమ్మలు చూసినంత లాభం మరెక్కడా రాదు. 1913 నాటి టువ్‌స్టార్ (ఒక కథలోని రాకుమారి) బొమ్మలో చీకటి అడవి, నల్లటి మడుగు, ఒడ్డున తెల్లటి పిల్ల. లేత ఛాయ దాదాపు ఆ పిల్లకే దక్కింది. అందుకే కన్ను ఇంకెక్కడికీ పోదు.

పొగమంచుకి గ్వాష్ పెట్టింది పేరు. ముందు ఒక మంచు రంగు కలిపి పెట్టుకోండి: తెలుపు, కాస్త అల్ట్రామెరైన్, చిటికెడు ఓకర్. అన్నిటికన్నా దూరపు కొండకి ఈ రంగు మూడు పాళ్లు, కొండ రంగు ఒక పాలు. మధ్య కొండకి చెరి సగం. దగ్గరి కోటకి మంచు ఒక పాలు, కోట రంగు మూడు పాళ్లు. ముందున్న చెట్టుకి మంచు రంగు అసలు తగలనివ్వకూడదు. ఈ నాలుగు మెట్లతోనే పేజీలో మైళ్ల దూరం కనిపిస్తుంది.

నిప్పు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మంట వెలగాలని నారింజలో తెలుపు కలుపుతారు, అది కాస్తా చల్లారిపోయిన గులాబీ అవుతుంది. ఎరుపుని పసుపుతోనే లేత చేయాలి. తెలుపు మంట నడిబొడ్డున మాత్రమే, అదీ పసుపు తగిలించి. ఇక మంట వెలగాలంటే పని చేయాల్సింది మంట చుట్టూ. పక్కనున్న రాళ్లు, పొలుసులు మధ్యమ ఛాయకి దించి, నీలం కలిసిన బూడిదలో ఉంచితే డ్రాగన్ నోరు దానంతటదే రగులుతుంది.

రెండో పొర వేసినప్పుడు అడుగు పొర కరిగి పైకి రావడం ఇంకో తలనొప్పి. తుమ్మ జిగురు ఆరినా నీటికి మళ్లీ కరుగుతుంది మరి. మొదటి పొర పాలలా, పై పొర మీగడలా ఉండాలి. కుంచె నిండా రంగు తీసుకుని ఒక్క లాగు, అంతే. రుద్దితే బురదే. అక్రిలిక్ గ్వాష్ (ప్లాస్టిక్ జిగురుతో చేసే రకం) అయితే కరగదు కాబట్టి అడుగు పొరకి అది వాడి పైన మామూలు గ్వాష్ వేయడం మంచి మధ్యే మార్గం. పూర్తిగా అక్రిలిక్ గ్వాష్‌కే మారిపోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఆరాక అంచులు మెత్తబరచలేం, పాలెట్‌లో (రంగులు కలిపే పళ్లెంలో) ఎండిన రంగు పారేయాల్సిందే, కుంచెలు కూడా త్వరగా పాడవుతాయి.

పగుళ్లు దాదాపు ఎప్పుడూ మందంగా వేయడం వల్లే. మందపు పొర ఆరుతూ ముడుచుకుంటుంది, జిగురు పొర పెళుసు, కింద కాగితం వంగితే ఇక చెప్పక్కర్లేదు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) హాట్ ప్రెస్‌డ్, అంటే నున్నటి, కాటన్ కాగితాన్ని తడిపి, గమ్ టేపుతో పలకకి అంటించి రాత్రంతా ఆరనిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మిశ్రమంలో ఒకటి రెండు చుక్కల తుమ్మ జిగురు ద్రావణం కలిపితే రంగు పొడిగా రాలదు. ఎక్కువైతే అక్కడక్కడా మెరుస్తుంది. గ్లిజరిన్ మరీ జాగ్రత్త, తేమ రోజుల్లో బొమ్మ జిగటగానే ఉండిపోతుంది.

కుంచెలకి ఖరీదైన సేబుల్ (జంతువు వెంట్రుకల కుంచె) అవసరం లేదు. సింథటిక్‌లో అరంగుళం ఫ్లాట్, 6వ నంబరు, 2వ నంబరు రౌండ్‌లు, జుట్టుకీ తాళ్లకీ పొడవాటి రిగ్గర్ (సన్నని కుంచె) ఒకటి.

ట్యూబు మూత తీయగానే ముందు పలచని జిగురు నీళ్లు కారితే పారబోయకండి, మూత పెట్టి వేళ్లతో బాగా పిసికితే మళ్లీ కలుస్తుంది. ఎండి గట్టిపడిన ట్యూబుని కోసి నీళ్లతో వాడుకోవచ్చు, కానీ పలచని పూతలకే. రంగు ఆరకుండా తేమగా ఉంచే మూసిన పాలెట్‌లో బూజు పడుతుంది, ఒక చుక్క లవంగ నూనె దాన్ని కొంత ఆపుతుంది.

పూర్తయిన బొమ్మ మీద వేలు తగిలితే మరక, గుడ్డ రాసుకుంటే మెరుపు చార. గ్లాసిన్ అనే నున్నటి పలచని కాగితం మధ్య పెట్టి దాచండి. ఫ్రేములో అద్దం తగలకుండా మౌంటు (బొమ్మ చుట్టూ అట్ట చట్రం) ఉండాలి. వార్నిష్ వేస్తే కష్టపడి కుదిర్చిన ఛాయలన్నీ ముదిరిపోతాయి. స్కానింగ్‌లో మాత్రం గ్వాష్ హాయి, మెరుపు ఉండదు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది, చిన్న బొమ్మను పెద్దగా అచ్చు వేయాలంటే 600. కాగితం గరుకుని స్కానర్ పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి, ముఖాలు ఉన్న బొమ్మలకి నున్నటి కాగితమే వాడండి.